మాత్ర అదే, మోతాదు మారింది
మానసిక వ్యాధులకు మందులు వాడేవారూ, వారి ఇంటివారూ తెలుసుకోవలసిన సంగతి

మా ఆసుపత్రిలో మానసిక వ్యాధుల ఓ.పి.కి వచ్చిన ప్రతి ఒక్కరినీ మేము అడిగే ప్రశ్న ఒకటుంది. "రోజుకు ఎన్ని కాలుస్తారు? బీడీలా, సిగరెట్లా, చుట్టలా?" ఈ మాట వినగానే చాలామంది తల దించుకుంటారు. పక్కనున్న తల్లి "మావాడికి అలాంటి అలవాట్లేమీ లేవండీ" అంటుంది. వెనకాల నిలబడ్డ తమ్ముడు మాత్రం మాకేసి చూసి, రెండు వేళ్ళు పెదవుల దగ్గర పెట్టి సైగ చేస్తాడు. సంఘంలో పేరున్న కుటుంబమైతే ఈ దాపరికం మరీ ఎక్కువ.

తప్పు పట్టడానికి అడిగే ప్రశ్న కాదది. బి.పి. చూసినట్టు, బరువు తూచినట్టు ఇదీ వైద్యంలో భాగమే. ఎందుకంటే కొన్ని మానసిక వ్యాధి మందుల విషయంలో, రోగి పొగ తాగుతాడా లేదా అన్నదాన్నిబట్టి రక్తంలో నిలిచే మందు సగానికి సగం మారిపోగలదు. మాత్ర అదే, మింగే వేళ అదే, చీటీమీద రాసిన మిల్లీగ్రాములూ అవే. లోపల పనిచేసే మందు మాత్రం అంతే ఉండదు. ఈ సంగతి తెలియక కుటుంబాలు పడే బాధ మేము చూస్తూనే ఉన్నాము. అందుకే ఈసారి పత్రికలో దీని గురించి కాస్త వివరంగా రాస్తున్నాము.

మడిలో నీరు ఎంత నిలుస్తుంది?

మన డెల్టా రైతుకు ఇది చెప్పడం తేలిక. మడిలో ఎంత నీరు నిలుస్తుందన్నది బోదెలోంచి ఎంత వస్తోందన్నదానిమీదే ఆధారపడదు. గట్టుకు గండి ఎక్కడుంది, ఎంత పోతోంది అన్నదీ చూసుకోవాలి. మందు కూడా అంతే. మనం మింగే మాత్ర బోదెలోంచి వచ్చే నీరు. కాలేయం ఆ మందును విరగ్గొట్టి ఎప్పటికప్పుడు బయటకు పంపేస్తుంటుంది, అది గండి. వచ్చేదీ పోయేదీ సరిపోయినప్పుడు రక్తంలో మందు ఒక మట్టంలో నిలబడుతుంది. మట్టం తగ్గితే జబ్బు తిరగబెడుతుంది. మరీ పెరిగితే మందే విషమవుతుంది.

కాలేయంలో మందులను విరగ్గొట్టే పదార్థాలను ఎంజైములంటారు. వాటిలో ఒకదాని పేరు సి.వై.పి. 1ఎ2. ఈ పేరు మీరు గుర్తుంచుకోనక్కరలేదు. ఇది చేసే పని తెలిస్తే చాలు. పొగాకు కాలినప్పుడు పుట్టే పొగలో పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు అనే రసాయనాలుంటాయి. అవి ఊపిరితిత్తుల గుండా రక్తంలో చేరి, ఈ ఎంజైమును మరింతగా తయారుచెయ్యమని కాలేయాన్ని పురిగొల్పుతాయి. గండి వెడల్పవుతుందన్నమాట. రోజూ పొగ తాగే మనిషికి మందు త్వరత్వరగా బయటకు పోతుంది కనుక, తాగనివారికంటే ఎక్కువ మోతాదు ఇస్తేనే మట్టం నిలబడుతుంది.

పొగ మానేస్తే దీనికి ఎదురు జరుగుతుంది. అదనంగా తయారైన ఎంజైము సుమారు 39 గంటలకు సగమవుతుందని పరిశోధకులు లెక్కగట్టారు. అంటే వారం తిరిగేసరికి గండి దాదాపు పూడుకుపోతుంది. బోదెలోంచి వచ్చే నీరు మాత్రం తగ్గలేదు. మడి పొర్లుతుంది.

అసలు చిక్కు పొగతోనే

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. ఈ పని చేసేది నికోటిన్ కాదు, పొగ. అందుకే బీడీ, సిగరెట్టు, చుట్ట, హుక్కా ఏది కాల్చినా ఇదే జరుగుతుంది. గంజాయి పొగ కూడా అంతే. ఖైనీ, గుట్కా, నశ్యం, జర్దా కిళ్ళీ మాత్రం ఈ ఎంజైమును కదిలించవు, ఎందుకంటే అక్కడ కాలడం లేదు. (అలాగని ఖైనీ మంచిదని మేము అంటున్నామనుకోకండి. దవడలో పుండుతో వచ్చేవారిని చూస్తే ఆ మాట ఎవరూ అనలేరు.) పొగ మానడానికి డాక్టర్లు ఇచ్చే నికోటిన్ చూయింగ్ గమ్, చర్మానికి అంటించుకునే ప్యాచీలు కూడా మందు మట్టాన్ని మార్చవు. దీనివల్ల వచ్చే తిరకాసు ఏమిటంటే, బీడీలు మాని నికోటిన్ గమ్ మొదలుపెట్టిన మనిషి "నేను మానలేదు కదా, గమ్ వాడుతున్నాను కదా" అనుకుంటాడు. కాలేయానికి సంబంధించినంతవరకు మాత్రం అతడు పూర్తిగా మానేసినట్టే లెక్క.

"రోజుకు ఏడెనిమిదే కదా" అని తేలిగ్గా తీసుకోవద్దు. రోజుకు 7 నుంచి 12 సిగరెట్లు చాలు, క్లోజపిన్ మట్టం బాగా పడిపోవడానికి. అక్కడినుంచి ఇంకా ఎన్ని కాల్చినా పెద్దగా తేడా ఉండదు. బీడీకట్ట ఒకటి పూర్తి చేసేవారూ, రెండు పూర్తి చేసేవారూ ఈ విషయంలో ఒకే గాటన ఉన్నట్టే.

ఆడవారి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చుట్ట అనగానే కన్యాశుల్కంలో గిరీశం గుర్తొస్తాడు గాని, మన పల్లెల్లో చుట్ట కాల్చే నాయనమ్మలు, అమ్మమ్మలు తక్కువేమీ కాదు. శ్రీకాకుళం, విశాఖ వైపునుంచి పనులకు వచ్చి విజయవాడలో స్థిరపడ్డ కుటుంబాల్లో, నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని అడ్డపొగ పీల్చే పెద్దమ్మలూ ఉన్నారు. అరవయ్యేళ్ళ ఆవిడను "పొగ తాగుతావా అమ్మా" అని అడగడానికి కొత్త డాక్టర్లు మొహమాటపడతారు. అడగకపోయినా మీరే చెప్పండి.

ఏ మందులకు ఈ చిక్కు?

అన్ని మానసిక వ్యాధి మందులకూ ఇది వర్తించదు. ముఖ్యంగా రెండింటికి: క్లోజపిన్, ఓలాంజపిన్. ఓలాంజపిన్‌ను పొగ తాగేవారి శరీరం తాగనివారికంటే సుమారు 40 శాతం వేగంగా బయటకు పంపుతుంది. క్లోజపిన్ విషయంలో తేడా ఇంకా ఎక్కువ. హాలోపెరిడాల్, క్లోర్‌ప్రోమజిన్ మట్టాలు కూడా పొగవల్ల కొంత తగ్గుతాయి. రిస్పెరిడోన్, అరిపిప్రజోల్, క్వెటియపిన్, అమిసల్‌ప్రైడ్ మందులమీద పొగ ప్రభావం చెప్పుకోదగ్గంత ఉండదు. మీ మాత్రల అట్టమీద కంపెనీ పేరు పెద్దక్షరాల్లో, మందు పేరు చిన్నక్షరాల్లో ఉంటుంది. ఆ చిన్నక్షరాలే చదవండి. కళ్ళజోడు లేకపోతే మందుల షాపు అబ్బాయిని చదివిపెట్టమనండి.

వీటిలో క్లోజపిన్ గురించి రెండు మాటలు చెప్పాలి. మిగతా మందులు రెండు రకాలు వాడినా తగ్గని స్కిజోఫ్రీనియాకు దీన్ని మించిన మందు నేటికీ లేదు. ఏళ్ళ తరబడి గదిలో ఒంటరిగా కూర్చుని గొణుక్కుంటూ ఉన్న మనుషులు, ఈ మందుతో మళ్ళీ పొలానికి వెళ్ళడం, ఆదివారం గుడిలో పాట అందుకోవడం మేము చూశాము. 1970ల మొదట్లో యూరప్‌లో వాడకంలోకి వచ్చింది. 1975లో ఫిన్లాండులో కొందరికి రక్తంలో తెల్లకణాలు పడిపోయి మరణాలు సంభవించడంతో చాలా దేశాల్లో ఆపేశారు. ఇతర మందులకు లొంగని రోగులకు ఇది పనిచేస్తుందని రుజువయ్యాక 1989లో అమెరికా, రక్తపరీక్షల షరతుతో, అనుమతి ఇచ్చింది. మన దగ్గర కూడా మొదటి 18 వారాలు వారానికొకసారి, తర్వాత నెలకొకసారి తెల్లకణాలు లెక్కపెట్టించమని చెప్పేది అందుకే. ఆ పరీక్ష తెల్లకణాల సంగతి చెబుతుంది, మందు మట్టాన్ని చెప్పదు. మట్టం కొలిచే పరీక్ష వేరే ఉంది, అది ప్రతి ఊళ్ళో దొరకదు. కాబట్టి మీరు చెప్పే బీడీల లెక్కే మాకు చాలాసార్లు ఆధారం.

"మందులు సరిగా మింగడంలేదు" అనే నింద

తరచుగా జరిగేది ఇది. దివిసీమ వైపు పల్లెటూరి కుర్రవాడు జబ్బు ముదిరి వార్డులో చేరతాడు. ఆసుపత్రి ఆవరణలో పొగ తాగనివ్వము. 2008 అక్టోబరు 2 నుంచి దేశమంతటా బహిరంగ ప్రదేశాల్లో పొగ నిషేధం అమలులో ఉంది. నాలుగైదు వారాలు బీడీ ముట్టకుండా ఉంటాడు. ఆ రోజుల్లో మోతాదు సరిచేస్తారు, మందు పనిచేస్తుంది, నిద్ర పడుతుంది, గొంతులు వినబడటం తగ్గుతుంది. సంతోషంగా ఇంటికి పంపుతారు. ఊళ్ళో బస్సు దిగగానే బడ్డీకొట్టు. స్నేహితులు బీడీ ఇస్తారు. రెండు వారాలు గడిచేసరికి అతడి కాలేయం పాత వేగంతో పనిచేస్తుంది, ఆసుపత్రిలో సరిపోయిన మోతాదు ఇప్పుడు చాలదు. మళ్ళీ నిద్ర లేదు, మళ్ళీ గోడలతో మాటలు.

అప్పుడు ఇంట్లో ఏమంటారు? "మాత్రలు ఊసేస్తున్నాడు." తల్లి తన చేత్తో మింగించి, నోరు తెరిపించి చూసినా ఎవరూ నమ్మరు. తండ్రి కొడతాడు. "మందులతో పోయేది కాదిది" అని ఎవరో చెబితే మందు మొత్తం మాన్పించి ఇంకెక్కడికో తీసుకుపోతారు. మాత్ర మింగుతున్నాడన్నది నిజమే, జబ్బు తిరగబెట్టిందన్నదీ నిజమే. రెండూ ఒకేసారి నిజం కావచ్చు. మధ్యలో బీడీకట్ట ఉంది, అంతే. దొంగతనం చెయ్యనివాణ్ణి దొంగ అన్నట్టు, మందు మింగుతున్న మనిషిని మింగడంలేదని నిందిస్తే అతడు డాక్టరుమీదా ఇంటివారిమీదా నమ్మకం పోగొట్టుకుంటాడు. ఆ తర్వాత నిజంగానే మింగడు. జబ్బు తిరగబెట్టినట్టు అనిపిస్తే నింద వెయ్యకముందు రెండు ప్రశ్నలు వెయ్యండి: పొగ మళ్ళీ మొదలైందా? కొత్త మందు ఏదైనా మొదలైందా?

వార్డునుంచి ఇంటికి వెళ్ళేవారికి మేము చెప్పేది కూడా ఇదే. మళ్ళీ కాల్చకుండా ఉండగలిగితే అంతకంటే కావలసిందేముంది? ఉండలేకపోతే దాచవద్దు. పొగ మళ్ళీ మొదలైన మొదటి వారంలోనే చెబితే మోతాదు మెల్లగా సర్దవచ్చు.

నలభై రోజులు మానినప్పుడు

రెండో వైపు సంగతి ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే అది మంచి పనితో మొదలవుతుంది. శ్రమ దినాల్లో, భస్మ బుధవారంనుంచి ఈస్టరు వరకు, బీడీ మానేస్తామని మొక్కుకునేవారు మన సంఘాల్లో ఉన్నారు. బాప్తిస్మం తీసుకున్న రోజే సిగరెట్టు పెట్టెను కాలవలో విసిరేసినవారూ ఉన్నారు. మన ఇరుగుపొరుగున అయ్యప్ప మాల వేసుకున్నవారు, ఇంద్రకీలాద్రి భవానీ దీక్ష తీసుకున్నవారు 41 రోజులు పొగ ముట్టరు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు కిళ్ళీ కొట్లు మూతపడి, ఏ మొక్కూ లేకుండానే మానాల్సివచ్చిన వారెందరో. కారణమేదైనా కాలేయానికి తేడా లేదు. నలభై రోజులు దానికి చాలా ఎక్కువ, వారం చాలు.

క్లోజపిన్ వాడే మనిషి ఒక్కసారిగా పొగ మానేస్తే రక్తంలో మందు సగటున ఒకటిన్నర రెట్లకు పెరుగుతుంది. కొందరిలో అంతకంటే చాలా ఎక్కువ. గమనించవలసినవి ఇవి: పగలంతా మత్తుగా పడుకోవడం, దిండు తడిసేంత చొంగ కారడం, లేవగానే కళ్ళు తిరగడం, నడకలో తూలడం, మాట ముద్దగా రావడం, గుండె దడ, రోజుల తరబడి విరోచనం కాకపోవడం. మరీ ఎక్కువైతే ఫిట్స్ వస్తాయి. విరోచనం సంగతి చిన్నదిగా చూడవద్దు. క్లోజపిన్ పేగుల కదలికను తగ్గిస్తుంది, పేగులు పూర్తిగా నిలిచిపోయి ప్రాణం పోయిన సందర్భాలు వైద్యశాస్త్రంలో నమోదై ఉన్నాయి. ఓలాంజపిన్‌తో ఇంత తీవ్రంగా కాకపోయినా మత్తు, తూలడం వస్తాయి. హాలోపెరిడాల్ వాడేవారిలో ఒళ్ళు బిగుసుకుపోవడం, చేతులు వణకడం ఎక్కువ కావచ్చు.

ఇంట్లోవారు దీన్ని ఎలా అర్థం చేసుకుంటారు? ఉపవాసంవల్ల నీరసం అనుకుంటారు. లేదా "పాపం, ఇన్నాళ్ళకు ప్రశాంతంగా నిద్రపోతున్నాడు, లేపకండి" అంటారు. లేదా బలానికని ఊళ్ళో సెలైన్ ఎక్కిస్తారు. ఇంతలో మందు మట్టం పెరుగుతూనే ఉంటుంది.

మొక్కుకోవద్దని ఎవరికీ చెప్పము. పొగ మానడం మంచిదే, చాలా మంచిది. స్కిజోఫ్రీనియా వంటి తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవారు మిగతావారికంటే 10 నుంచి 20 ఏళ్ళు ముందుగా చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందులో గుండె జబ్బులదీ ఊపిరితిత్తుల జబ్బులదీ పెద్ద వాటా, వాటి వెనక పొగది పెద్ద వాటా. మానేవారికి మోతాదు తగ్గితే మత్తూ తగ్గుతుంది, ఖర్చూ తగ్గుతుంది. మేము కోరేది ఒక్కటే. మానబోయే తేదీ ముందే చెప్పండి. క్లోజపిన్ వాడేవారికి సాధారణంగా మొదటి వారంలోనే మోతాదును నాలుగో వంతు వరకు మెల్లగా తగ్గించి, లక్షణాలను బట్టి తర్వాత ఇంకా సరిచేస్తారు. ఓలాంజపిన్‌కూ దాదాపు ఇదే పద్ధతి. ఈస్టరు తర్వాతో, మాల తీశాకో మళ్ళీ మొదలుపెడితే అదీ చెప్పాలి, మోతాదు పాత స్థాయికి తీసుకువెళ్ళాలి కనుక. ఈ తగ్గింపులూ పెంపులూ ఇంట్లో సొంతంగా చేసుకునేవి మాత్రం కావు. "మత్తు తగ్గాలంటే రెండు బీడీలు కాల్చు" అని సలహా ఇచ్చేవారు కూడా ఉన్నారు, వారి మాట వినకండి.

టీ, కాఫీల సంగతి ఒక్క వాక్యంలో: కాఫీలోని కెఫీన్ కూడా అదే ఎంజైము గుండా పోవాలి, గనుక రోజుకు ఏడెనిమిది గ్లాసుల కాఫీ తాగేవారికి క్లోజపిన్ మట్టం పెరగవచ్చు, ఉన్నట్టుండి మొదలుపెట్టినా, ఉన్నట్టుండి మానినా చెప్పండి.

జ్వరం వచ్చింది, ఆర్.ఎం.పి. మాత్రలిచ్చారు

పొగ ఒక్కటే కాదు, ఇతర మందులు కూడా ఈ గండిని పూడ్చగలవు, వెడల్పు చెయ్యగలవు. మన ప్రాంతంలో అన్నిటికంటే ఎక్కువగా జాగ్రత్తపడవలసింది సిప్రోఫ్లాక్సాసిన్ విషయంలో. వానాకాలంలో విరోచనాలు, టైఫాయిడ్, మూత్రంలో మంట, దేనికైనా చీటీ లేకుండా షాపులో అడిగితే దొరికే యాంటీబయాటిక్ ఇది. సి.వై.పి. 1ఎ2 ఎంజైమును ఇది అడ్డుకుంటుంది. క్లోజపిన్ వాడే రోగికి సిప్రోఫ్లాక్సాసిన్ ఇవ్వడంవల్ల మట్టం ప్రమాదకరంగా పెరిగిన సందర్భాలు, మరణాలతో సహా, నమోదయ్యాయి.

దీనికి తోడు, తీవ్రమైన జ్వరం, న్యుమోనియా వంటి ఇన్‌ఫెక్షన్ కూడా ఆ ఎంజైము తయారీని తగ్గిస్తుంది. కోవిడ్ రోజుల్లోనూ ఇలా క్లోజపిన్ మట్టం పెరగడం పలు దేశాల డాక్టర్లు గమనించారు. ఇప్పుడు కలిపి చూడండి. జ్వరంతో మంచం పట్టిన మనిషికి బీడీ రుచించదు, కాల్చడు. జ్వరం ఎంజైమును తగ్గించింది. సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్న ఎంజైమునూ అడ్డుకుంది. ఒకే వారంలో మూడువైపులనుంచీ గండి పూడుకుపోయింది, మాత్ర మాత్రం రాత్రిపూట యథాప్రకారం మింగిస్తున్నారు. జ్వరం నీరసమనుకున్నది మందు విషమై ఉండవచ్చు. క్లోజపిన్ వాడేవారికి జ్వరం వస్తే తెల్లకణాలు పడిపోయాయేమో కూడా వెంటనే చూడాలి. కనుక వారికి జ్వరం అంటే ఊళ్ళో మాత్ర వేసుకుని ఊరుకునే జ్వరం కాదు. అదే రోజు ఆసుపత్రికి రండి.

ఫ్లూవాక్సమిన్ అనే మందు, అతిశుభ్రత వంటి ఓ.సి.డి. లక్షణాలకు ఇస్తారు, క్లోజపిన్ మట్టాన్ని ఎన్నో రెట్లు పెంచుతుంది. ఫ్లూఆక్సెటిన్, పారాక్సెటిన్ వేరే ఎంజైమును అడ్డుకుని రిస్పెరిడోన్, హాలోపెరిడాల్, అరిపిప్రజోల్ మట్టాలను పెంచుతాయి. తెలిసిన డాక్టరు ఇవి కలిపి ఇవ్వకూడదని లేదు, లెక్క చూసుకునే ఇస్తారు. ఒక డాక్టరు ఇచ్చింది రెండో డాక్టరుకు తెలియకపోవడమే ప్రమాదం.

మందును తగ్గించేసేవి వేరే. మొదటిది టి.బి. మందుల్లోని రిఫాంపిసిన్. మన ఆసుపత్రిలో టి.బి.కీ మానసిక వ్యాధికీ ఒకేసారి వైద్యం పొందేవారు ఉన్నారు. రిఫాంపిసిన్ మొదలైన రెండు వారాల్లో హాలోపెరిడాల్, క్లోజపిన్, రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ వంటివాటి మట్టం బాగా పడిపోతుంది. ఆరు నెలల కోర్సులో రిఫాంపిసిన్ మొదటినుంచి చివరిదాకా ఉంటుంది. టి.బి. మందు మానకూడదు, అది ప్రాణాధారం. మానసిక వ్యాధి మందునే సర్దాలి. కోర్సు పూర్తయిందని సంబరపడే రోజు మళ్ళీ ఒకసారి మా దగ్గరకు రావాలి, ఎందుకంటే రిఫాంపిసిన్ ఆగిన రెండు మూడు వారాలకు గండి పూడుతుంది, పెంచిన మోతాదు ఎక్కువైపోతుంది. ఈ రెండో రాక చాలామంది మర్చిపోతారు.

రెండోది ఫిట్స్ మందులు: కార్బమజెపిన్, ఫెనిటాయిన్, ఫినోబార్బిటాల్. ఇవీ గండి వెడల్పు చేసేవే. కార్బమజెపిన్‌ను క్లోజపిన్‌తో కలిపి వాడరు, రెండూ తెల్లకణాలను దెబ్బతీయగలవు గనుక.

రెండు రోజులు మాత్ర అందకపోతే

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి సింగ్ నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు మునిగినప్పుడు రోజుల తరబడి మేడలమీదే చిక్కుకుపోయిన కుటుంబాలు ఎన్నో. తాగడానికి నీళ్ళే కష్టమైన చోట మాత్రల సంగతి ఎవరు చూస్తారు? అలాంటి సందర్భం తుపానులో లంక గ్రామాలవారికి కూడా రావచ్చు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. క్లోజపిన్ 48 గంటలు మించి ఆగిపోతే, దొరికిన వెంటనే పాత మోతాదు మొత్తం వేసుకోకూడదు. బి.పి. పడిపోయి, స్పృహ తప్పి, గుండెకే ముప్పు రావచ్చు. డాక్టరు మళ్ళీ 12.5 మిల్లీగ్రాముల చిన్న మోతాదుతో మొదలుపెట్టి పెంచుకుంటూ వస్తారు. వానాకాలం రాకముందే పది రోజుల మాత్రలు పాలిథిన్ సంచిలో చుట్టి, తడవని చోట అదనంగా పెట్టుకోవడం మంచిది.

ఓ.పి.కి వచ్చేటప్పుడు ఏం తేవాలి?

ఇంట్లో ఉన్న అన్ని మందులూ ఒక సంచిలో వేసి తెండి. మానసిక వ్యాధి మందులే కాదు, షుగరువీ, బి.పి.వీ, కీళ్ళ నొప్పులవీ, ఆర్.ఎం.పి. ఇచ్చిన రంగుమాత్రలూ అన్నీ. ఓ.పి. పుస్తకం వెనక అట్టమీద పెన్సిలుతో రెండు గళ్ళు గీసుకోండి, ఒకదానిలో తేదీ, రెండోదానిలో రోజుకు ఎన్ని బీడీలు లేదా సిగరెట్లు. పది రాసే చోట రెండని రాస్తే నష్టపోయేది రోగి. ఎవరి ముందూ చదవము, పాస్టరుగారికీ చెప్పము. పొగ మానడానికి సాయం కావాలంటే జాతీయ పొగాకు విరమణ లైను 1800-11-2356కు ఉచితంగా ఫోను చెయ్యవచ్చు. మానసిక సమస్యలకు ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416.

క్లోజపిన్ వాడే ప్రతివారూ ఒక చిన్న చీటీ రాసి జేబులో, లేదా సెల్‌ఫోను కవరు వెనక పెట్టుకోవాలని మేము కోరుతున్నాము. ఊళ్ళో ఏ డాక్టరు ముందైనా, ఏ షాపులోనైనా దాన్ని చూపించండి. అందులో ఇలా రాసుకోవచ్చు: "నేను క్లోజపిన్ వాడుతున్నాను. సిప్రోఫ్లాక్సాసిన్ ఇవ్వకండి. జ్వరం ఉంటే ఈ రోజే తెల్లకణాల పరీక్ష చేయించండి. పొగ మానిన తేదీ: ......... మందు రాసిన డాక్టరు ఫోను: ........."